అల్లుడి గ్రహం మీదికి ఎవరు వెళ్తారు?

మా ఆడపడుచు పెళ్ళయిన ఏడాది దసరా సెలవులకి మొగుడితో కలిసి నెల్లిమర్ల వచ్చింది. సన్నగా వాన పడుతోంది. స్కూటర్ మీద వాళ్ళిద్దరి మధ్యా, ఇంకో మనిషి పట్టేంత జాగాలో, ప్లాస్టిక్ పట్టా చుట్టిన అట్టపెట్టె ఒకటి కూర్చునుంది. వాళ్ళిద్దరూ ముద్దగా తడిసిపోయారు గానీ పెట్టె మీద చుక్క పడలేదు.

మా మరిది ఎదురెళ్ళి దాన్ని అందుకున్నాడు. స్వీట్ల పెట్టె అనుకున్నాడు కాబోలు, బరువు చూసి మొహం మారింది.

"ఇదేటి బావా, ఇంత బరువున్నాది?"

"ఆటండి," అన్నాడు అల్లుడు, తప్పు చేసినవాడిలా.

అతను విజయనగరంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాడు. అంతకు ముందు బెంగళూరులో చదువుకున్నాడు. మనిషి నెమ్మది. నవ్వితే బాగుంటాడని పెళ్ళి ఫొటోల్లో చూసి తెలుసుకున్నాం తప్ప, మా ఇంట్లో నవ్వగా ఎవరూ చూడలేదు. అందుకు అతన్ని అనడానికి లేదు. మేం నవ్వనిచ్చేవాళ్ళం కాదు.

మా ఇంట్లో అల్లుడంటే ముట్టుకుంటే పగిలే వస్తువు. మా మావయ్య పోయాక ఇంటికి పెద్దదిక్కు మా అత్త. ఆవిడ వయసులో ఉండగా మిషను తరఫున ఊరూరా నడిచి, ఆడవాళ్ళని అరుగుల మీద కూర్చోబెట్టి బైబిలు వాక్యం చెప్పిన మనిషి. ఎవరికీ జంకదు. కానీ అల్లుడు ఎదురుగా ఉంటే కొంగు తలమీదికి లాక్కుని గోడకేసి మాట్లాడేది. అతనితో నేరుగా ఒక్క ముక్క అనేది కాదు. "అల్లుడుగారికి కూర సరిపోయిందేమో అడగవే" అని కూతురితో అనేది. అతను నాలుగడుగుల దూరంలోనే కూర్చుని, ఆ మాట విని, "సరిపోయిందని చెప్పు" అని భార్యతో అనేవాడు. మధ్యలో మా ఆడపడుచు టెలిఫోను తీగలాగ అటూ ఇటూ మాట మోసేది.

ఇంట్లో దిండున్న కుర్చీ ఒకటే. అది అతనిది. అతను లేస్తే మా ఆయనా, మరిదీ లేచి నిలబడేవాళ్ళు. ఒకసారి పాపం దోమ కుట్టి లేచాడు, వాళ్ళు లేచారు. సిగ్గుపడి కూర్చున్నాడు, వాళ్ళూ కూర్చున్నారు. మందిరంలో ఆరాధన జరుగుతున్నట్టుంది గాని ఇంట్లో నలుగురు కూర్చున్నట్టు లేదు.

నేను ఆ ఇంటి పెద్దకోడల్ని. అల్లుడు నాకు వరసకి తమ్ముడవుతాడు, అక్కా అంటాడు. అయినా నేనూ అతని పళ్ళెంలో గారెలు నింపడం తప్ప ఇంకేమీ చేసినదాన్ని కాదు.

ఆ సాయంత్రం వంటింట్లో నేను కోడికూరకి మసాలా నూరుతుంటే ఆడపడుచు వచ్చి పీట మీద కూలబడింది. ఉల్లిపాయలు నేను తరిగితే కళ్ళు తనవి తడిగా ఉన్నాయి.

"ఏటమ్మా?"

"వదినా, ఆయనికి మనింటికి రావడం ఇష్టం నేదు."

నా చెయ్యి ఆగిపోయింది. "ఏటి తక్కువ సేసాం?"

"తక్కువ కాదు వదినా, ఎక్కువ. కుర్సీలో బొమ్మలాగ కూకోబెడతారట. ఎవులూ మాటాడరట. నాను ఇక్కడ సుట్టాన్నా, కలెక్టర్నా అని అడుగుతన్నాడు. ఈసారి కూడా ఇలాగే అయితే రేపు పొద్దున్నే ఎలిపోతాడట. ఇక మీదట క్రిస్మసుకి మొకం సూపించి ఎలిపోతానని, నన్ను కావాలంటే ఉండమని అన్నాడు." ముక్కు చీదుకుంది. "ఆయన్నొదిలి నానిక్కడ ఎలాగుంటాను? మిమ్మల్నొదిలి అక్కడ ఎలాగుంటాను?"

"మరి ఆ పెట్టె ఎందుకు తెచ్చాడు?"

"అదే ఆకరి ఆశ. బెంగులూరులో స్నేహితులతో ఆడీవోడట. ఇక్కడికొచ్చాక ఎవులూ నేరు. ఆదివారం మందిరం నుంచొచ్చాక ఒక్కడూ నాలుగు పక్కలా కూకుని నలుగురిలాగ ఆడుకుంటాడు వదినా. ఒక పక్క ఓడిపోతే ఇంకో పక్కకొచ్చి నవ్వుతాడు. నాకు జాలేస్తాది. నాకా ఆట తలకెక్కదు."

తనతో తానే ఆడుకుని, తనమీద తానే గెలిచి నవ్వుకునే మనిషిని తలుచుకుంటే నాకూ జాలేసింది. ఇంత మంది ఉన్న ఇంట్లో నన్ను పెట్టినందుకు, పొయ్యి దగ్గరే నిలబడి, లోపల్లోపలే దేవుడికి వందనాలు చెప్పుకున్నాను. తరవాత మసాలా గిన్నెలోకి తీసి, "పద, ఆడదాం" అన్నాను.

ప్రార్థన అయ్యాక, కూరా అన్నం పొయ్యి మీద పెట్టి, ముందుగదిలో గోనెపట్టా పరిచి పెట్టె విప్పాం. అబ్బ, ఎన్ని సామాన్లు! ఆరుపలకల అట్టముక్కలు, తేనెపట్టు గదుల్లాగ ఒకదానికొకటి అతుక్కునేవి. నల్లటి ఆకాశం, అందులో గ్రహాలు. బఠాణీ గింజంత ఓడలు కొన్ని, చింతకాయంత ఓడలు కొన్ని. కాగితాలు, బిళ్ళలు, పెళ్ళి ఆల్బమంత లావు నియమాల పుస్తకం. అన్నీ తీసి వరస పెడుతుంటే అతని చేతులు పసిబిడ్డకి చొక్కా తొడుగుతున్నంత జాగ్రత్తగా కదిలాయి.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం మనిషిని. మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. ఆయనకి వచ్చిన చదువు వాక్యం, కీర్తనలు, మిల్లు జీతం లెక్క. వాక్యం వెనక పేజీల్లో ఉండే పటాల మీద నా వేలు పట్టుకుని నడిపించి భూగోళం నేర్పారు. యొర్దాను నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో తెలిసిన చాలా ఏళ్ళకి గాని మా ఊరి పక్కనున్న చంపావతి ఎటు పోతుందో నాకు తెలియలేదు. అందుకని పటం కనిపిస్తే ఇప్పటికీ నా వేలు ఊరుకోదు. ఆ నల్లటి ఆకాశం మీద వేలు పెట్టి ఇక్కడినుంచి ఇక్కడికి ఎలా వెళ్ళాలి అని అడిగాను. అల్లుడు మొహంలో దీపం వెలిగింది.

ఆట చెప్పాడు. ఒక్కొక్కరికి ఒక సొంత గ్రహం. అక్కడినుంచి ఓడలు పంపాలి. ఖాళీ గ్రహాలు పట్టుకోవాలి. ఎవరిదైనా గ్రహం మీదికి వెళ్తే యుద్ధం. మధ్యలో పసుపురంగు గ్రహం ఒకటుంది. దాన్ని పట్టుకుని, ఆట ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా నిలబెట్టుకున్నవాళ్ళు ఆకాశానికంతటికీ రాజు. చెప్పడం అయ్యాక చివరగా సంచీ విప్పి పాచికలు గలగలమని కింద పోశాడు.

మంచం మీద వత్తిగిలి పడుకున్న మా అత్త లేచి కూర్చుంది.

"అమ్మీ," అంది కూతురితో, గోడ చూస్తూ. "అల్లుడుగారితో సెప్పు. ఈ ఇంట్లో పాసికలు దొర్లవు. సిలువ కింద కూకుని ప్రభువు బట్టల కోసం పందేలేసుకున్న సైనికుల పని అది."

అతను పాచికలు ఏరి సంచీలో వేశాడు. మా ఆడపడుచు నా వంక చూసిన చూపు, ఇంతేనా వదినా, మొదలవకుండానే అయిపోయిందా అన్నట్టుంది.

"మరి సింతపిక్కలో అత్తా?" అన్నాను.

ఆవిడ ఆలోచించింది. చిన్నతనంలో చింతపిక్కలాటలో ఆవిడని గెలిచినవాళ్ళు వాళ్ళ వీధిలో లేరని మాకందరికీ తెలుసు, ఆవిడే చెప్పింది.

"సింతపిక్కలు దేవుడిచ్చినవి," అంది చివరికి. "వాటికేటి?"

నేను డబ్బాలోంచి గుప్పెడు తెచ్చాను. మరిది గుమ్మం రాయి మీద వాటిని అరగదీసి బద్దలు చేశాడు, ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. ఎన్ని ఓడలతో యుద్ధానికి వెళ్తే అన్ని బద్దలు వెయ్యాలి, ఎన్ని తెల్లగా పడితే ఎదుటివాళ్ళవి అన్ని ఓడలు పోయినట్టు. నియమం అల్లుడే కట్టాడు. ఆ బద్దల్ని నేలమీద పదేపదే దొర్లించి, "వీపు గుండ్రంగా ఉంది కదండీ, నలుపు తెలుపు సమానంగా పడవు, కొంచెం తేడా ఉంటుంది" అని తనలో తనే సంతోషపడ్డాడు. కుర్చీలో కూర్చుని ఆడడం కుదరదు గనక కిందికి దిగాడు. దిగుతుంటే మా ఆయన కంగారుగా దిండు తెచ్చి కింద వేశాడు.

జాతులు పంచుకున్నాం. మా ఆయన రాతిమనుషులు. మరిదివి యంత్రాలు. ఆడపడుచూ నేనూ ఒక జట్టు, నీళ్ళలో బతికేవాళ్ళం, మావి తెల్ల ఓడలు. అల్లుడివి నల్ల ఓడలు, రెక్కలున్న పురుగుల జాతి.

మొదలుపెట్టాం. మొదటి కాసేపు బాగానే నడిచింది. ఖాళీ గ్రహాలు పట్టుకుంటూ పోయాం. మా మరిది బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతాడు, బేరం తప్ప బతుకు తెలీదు, ఓడ ఓడకీ "దీనికి వారంటీ ఉన్నాదా బావా?" అని అడుగుతున్నాడు. మా ఆయన మిల్లు మనిషి. తన ఓడలన్నీ వరసలో పేర్చి, షిఫ్టు మారినప్పుడు తప్ప కదపనన్నట్టు కూర్చున్నాడు.

ఖాళీ గ్రహాలు అయిపోయాయి. ఇక ఒకరిమీదికి ఒకరు వెళ్ళాల్సిందే. మరిది మా మీదికొచ్చాడు, మేం వాడిమీదికి వెళ్ళాం, వాడూ అన్నయ్యా కొట్టుకున్నారు. నల్ల ఓడల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. పక్కనే మరిది పెద్ద దండు ఉంది, ఎదురుగా అల్లుడి గ్రహం ఒకే ఒక్క ఓడతో నోరు తెరుచుకుని ఉంది. వాడు ఆ దండుని తీసుకుని చుట్టూ తిరిగి మా మీదికొచ్చాడు.

"బావగారూ, నా గ్రహం మీద ఒక్క ఓడే ఉందండి," అన్నాడు అల్లుడు.

"ఉండనీ బావా, మనదే కదా."

"మనది కాదండి, నాది. మీరు పట్టుకోవాలి."

"సీ సీ, అదేటి మాట బావా! అల్లుడి ఇంటి మీద పడతామేటి?"

తరవాత అల్లుడు మా ఆయన గ్రహం మీదికి ఓడ పంపాడు. మా ఆయన వెంటనే తన ఓడలు తీసి పక్కన పెట్టాడు. "రండి బావగారూ, కూర్చోండి," అన్నాడు. యుద్ధం చెయ్యమన్నా చెయ్యలేదు. ఇచ్చేశాడు. ఇంకో గ్రహం కూడా ఉంచుకోమన్నాడు.

అలా ఏ కష్టమూ లేకుండా నల్ల ఓడలు ఆకాశమంతా పాకాయి. పసుపు గ్రహం ముందు దాకా దారి పడిపోయింది. గెలుస్తున్న మనిషి మొహం అంత చిన్నబోవడం నేనింకెక్కడా చూడలేదు. నాలుగు పక్కలా కూర్చుని ఒక్కడే ఆడుకున్నప్పుడైనా అతనికి ఎదుటివాడు ఉండేవాడు. ఇక్కడ నలుగురం ఉండి ఒక్కరం లేము.

మా ఆడపడుచు నా మోకాలు గిల్లింది. ఏదో ఒకటి చెయ్యమని.

సరే, దేవుడా తోడుండు అనుకుని, మా తెల్ల ఓడలు రెండు తీసి అల్లుడి గ్రహం మీద ధబీమని పెట్టాను.

"తమ్ముడూ, యుద్ధం!"

అతను ముందుకి వంగాడు. చెయ్యి పిక్కల మీదికి వెళ్ళింది. అంతలో పట్టా మీద మా ఆయన కాలు నా కాలిని తన్నింది. "వదినా, బావ మీదకేటి వదినా!" అన్నాడు మరిది. మంచం మీదినుంచి అత్త గొంతు పిడుగులా పడింది.

"ఒసే! ఇంటల్లుడి మీద పడతావేటే? సిగ్గునేదా? యెనక్కి తీసీ!"

తీసేశాను. ఏం చెయ్యను? ఆవిడ మాట మీద మాట నాకు అలవాటు లేదు.

అతని చెయ్యి పిక్కల మీదే కాసేపు ఉండి వెనక్కి వచ్చింది. నియమాల పుస్తకం మూశాడు. "అందరూ అలిసిపోయినట్టున్నారు," అన్నాడు భార్యతో. "తీసేద్దాం. పొద్దున్నే బయల్దేరాలి కదా." మాట మెత్తగానే ఉంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మా ఆడపడుచు తల దించుకుని గోనెపట్టా పీచు పీకుతోంది.

వంటింట్లోంచి కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. అడుగంటిన కూరకి వందనాలు చెప్పిన ఆడది లోకంలో నేనొక్కతెనేమో.

"తమ్ముడూ, సర్దకు. నేను కూర దించి వస్తాను," అన్నాను లేస్తూ. "అత్తా, నీళ్ళోళ్ళని కాస్త సూడు. నీ కూతురికి ఆట రాదు. నువ్వుంటే ఎవులూ అల్లుడుగారి జోలికెళ్ళరు."

ఆ ఆఖరి మాట పని చేసింది. అల్లుడికి కాపలా అంటే కాదనలేదు. గొణుక్కుంటూ మంచం దిగి, కొంగు సవరించుకుని, నా జాగాలో మఠం వేసుకుని కూర్చుంది. నేను వంటింట్లో గిన్నె దించి, గరిటె చేత్తోనే గుమ్మంలో నిలబడ్డాను. అన్నం కూడా వార్చాలి, కాళ్ళు కదలలేదు.

అత్త తెల్ల ఓడలకేసి కాసేపు చూసింది. "ఇక్కడ మనుసులుంటారేటి?" అంది కూతురితో.

"ఉంటారు, కథలో," అన్నాడు అల్లుడు భార్యతో.

"ఊళ్ళ పేర్లేటో అడుగు."

అతను చదివాడు. ఇంగ్లీషులో, నోరు తిరగని పేర్లు. మా అత్త చేత్తో తోసేసినట్టు తల విదిలించింది. "అవేం పేర్లు, నోట్లో రాళ్ళేసుకున్నట్టు! ఇది గుర్ల. ఇది బొండపల్లి. ఈ సివరిది డెంకాడ."

ఆవిడ కాలినడకన తిరిగిన ఊళ్ళు అవి. పేరు పెట్టేసరికి ఆవిడ చూపు మారింది. గుర్ల మీద వేలు పెట్టి, అక్కడ ఒక ముసలమ్మ మజ్జిగ ఇచ్చేదనీ, ఇచ్చినప్పుడల్లా నీ దేవుడు నీకు చెప్పులైనా కొనిపెట్టడా అని వేళాకోళం చేసేదనీ చెప్పింది. మేం ఎవరమూ విననిది. బొండపల్లి దారిలో కుక్క తరిమితే చెట్టెక్కి, దిగడం రాక, ఆ చెట్టు మీదినుంచే కింద చేరిన ఆడవాళ్ళకి వాక్యం చెప్పిందట. అల్లుడు పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకర్థమైంది.

తరవాత ఆవిడ ఓడలన్నీ ఒక్కొక్కటే తీసి గుర్లలో చేర్చింది.

"అమ్మా, అన్నీ ఒక్క సోటే పెడతావేటి?" అన్నాడు మరిది.

"ప్రార్థన కూటం పెట్టుకుంటారు. నీకేటి?"

అల్లుడు పటాన్ని చూశాడు. ఆట తెలిసిన మనిషి, చూడకుండా ఉండలేడు. "డెంకాడలో ఎవరూ లేరని చెప్పు," అన్నాడు భార్యతో, నెమ్మదిగా.

"ప్రభువున్నాడని సెప్పవే," అంది అత్త.

అతను నవ్వేశాడు. పెళ్ళి ఫొటోలోని నవ్వు. నవ్వుతూనే, ఏం ఆలోచించుకున్నాడో, చెయ్యి చాపి రెండు నల్ల ఓడలు తీసి డెంకాడ మీద పెట్టాడు.

మరిది నోరు తెరిచాడు. మా ఆయన లేవబోయి ఎందుకు లేస్తున్నాడో తెలియక సగంలో ఆగిపోయాడు.

మా అత్త ఆ నల్ల ఓడల్ని చూసింది. అల్లుడి మొహంలోకి, పెళ్ళయిన ఇన్నాళ్ళలో మొదటిసారి, సూటిగా చూసింది.

"ఒరే!" అంది. "నా డెంకాడ మీదకి వచ్చీసావేటిరా! బుద్ధుందేటి నీకు? సెప్పా పెట్టకుండా!"

అన్నాక తెలిసింది ఆవిడకి ఏమందో. చెయ్యి కొంగు కోసం వెతుక్కుంది. దొరికినా తలమీదికి రాలేదు. మా ఆడపడుచు మొగుణ్ణి చూస్తోంది. ఇల్లు కట్టినా, కూల్చినా ఇప్పుడు అతను అనబోయే మాటే. నా చేతిలో గరిటెనుంచి పులుసు కారి కాలిమీద పడుతోంది, కదిలితే ఒట్టు.

అతను ముందు భార్య వైపు తిరిగాడు, అలవాటు కొద్దీ. తరవాత ఆగి, తల ఇటు తిప్పాడు.

"సెప్పాను కదత్తా!" అన్నాడు. బెంగళూరు, కాలేజీ, అండీలు, అన్నీ ఎక్కడికి పోయాయో. "డెంకాడలో ఎవులూ నేరని సెప్పాను కదా! నువ్వే ఇన్నేదు."

"ఇన్నాను గాని నువ్వొస్తావనుకోనేదు," అంది మా అత్త. "పిక్కలిలా ఇయ్యి. నీ సంగతి సూస్తాను."

ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తనకే తెలియదని తరవాత చెప్పింది.

గుర్లలో కూటం పెట్టుకున్న ఓడలన్నీ డెంకాడకి బయల్దేరాయి. మా అత్త పిక్కల్ని దోసిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపింది.

"తొండి!" అని అరిచాడు అల్లుడు. "అత్తా, ప్రార్థన సేస్తన్నావు! అది తొండి!"

"ప్రార్థన కాదురా, కూర మాడిన పొగ కళ్ళల్లో పడింది."

"మరి ఆమెన్ అన్నావేటి?"

"ఆవులించాను."

వేసింది. ఒక్కటి తప్ప అన్నీ తెల్లగా పడ్డాయి. నల్ల ఓడలు రెండూ పోయాయి. మా అత్త వాటిని తన కొంగున ముడి వేసుకుంది, ఇవ్వమన్నా ఇవ్వలేదు. నియమాల పుస్తకంలో అలాంటిది లేదని అల్లుడు వాదించాడు. ఆ పుస్తకం రాసినవాడు డెంకాడ చూశాడా అని ఆవిడ అడిగింది.

ఆ తరవాత ఎవరికీ అడ్డు లేకపోయింది. "అమ్మే అన్నాక మనకేటి! బావా, కాసుకో!" అని మరిది తన దండంతా అల్లుడి సొంత గ్రహం మీదికి తోలాడు. నా పెళ్ళినాటి నుంచీ గొంతు పెంచని మా ఆయన, రాతిమనుషుల్ని ఎత్తి పట్టుకుని, "నా గ్రహాలు నాకిచ్చెయ్ బావా, అయ్యి మొహమాటానికిచ్చాను!" అన్నాడు. అల్లుడు అందరితోనూ ఒకేసారి యుద్ధం చేశాడు. చొక్కా చేతులు మడిచి, చెమటలు కక్కుతూ, అరుస్తూ, వరసపెట్టి ఓడిపోయాడు. దిండు ఎప్పుడో మూలకి దొర్లిపోయింది. నాలుగు పక్కలనుంచీ దెబ్బలు తింటున్న మనిషి అంత ఆనందంగా ఉండడం చూసి, నేను అన్నం వార్చడానికి వెళ్ళాను. అన్నం చిమిడిపోయింది. చిమిడిన అన్నం, మాడిన కూర. పటం తొక్కకుండా చుట్టూ కూర్చుని అవే తిన్నారు. కూర సరిపోయిందేమో అని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

"ఒసే, మాడగొట్టీసావు కదే," అంది అత్త.

"మాడినా బావుందక్కా," అన్నాడు అల్లుడు. "అత్తా, నీకొద్దంటే ఆ ముక్క ఇలాగెయ్యి."

ఆట తేలలేదు. పసుపు గ్రహం ఎవరికీ ఒక చుట్టు నిలవలేదు. అత్తకి పడుకునే వేళయింది. పిల్లి తొక్కకుండా ఆకాశం మీద పెద్ద తట్ట బోర్లించి అందరం పడుకున్నాం. చీకట్లో నేను వందనాలు చెప్పుకుంటూ పోతే, ఎక్కడ మొదలుపెట్టానో మర్చిపోయి మళ్ళీ మొదటినుంచి చెప్పుకున్నాను.

పొద్దున్నే లేచి గారెలకి నానబోసిన పప్పు రుబ్బడానికి కూర్చున్నాను. వాన ఇంకా పడుతూనే ఉంది. స్కూటర్ వసారాలో ఉంది. సంచీ సర్దినట్టు గాని సర్దనట్టు గాని ఏమీ వినపడలేదు. మనసు పీకింది. రాత్రి ఆటలో మాట వేరు, పొద్దుటి వెలుగులో మాట వేరు. అత్త మళ్ళీ కొంగు కప్పుకుంటుందేమో, మరిది మళ్ళీ లేచి నిలబడతాడేమో.

పెరటి వైపు మాటలు వినపడితే వెళ్ళి చూశాను. పెరటి గుమ్మం మెట్టు మీద మా అత్తా, అల్లుడూ కూర్చున్నారు. మధ్యలో చద్దన్నం గిన్నె. ఆవిడ ఉల్లిపాయ గుద్ది సగం అతని చేతిలో పెడుతోంది.

"అత్తా! అల్లుడికి సద్దన్నం పెట్టీసావేటి? గారెలు ఏస్తన్నాను కదా!"

"ఆడే అడిగాడే," అంది అత్త, నా వైపు చూడకుండా. "ఒరే, తినీసి ఆ గేసుబండ మార్చు. అక్క సాలా కష్టపడతాది."

"మారుస్తానత్తా. ముందు నా ఓడలు రెండూ కొంగులోంచి తీసీ."

"అయ్యి ఇప్పుడే ఇయ్యను."

ఇంత చిన్న గిన్నెలోంచి ఇద్దరు పెద్దవాళ్ళు తింటుంటే నాకేం చెయ్యాలో తెలియలేదు. రుబ్బిన పిండి చేతికి అలాగే ఉంది. వెనక్కి తిరిగితే నూతి గట్టు దగ్గర మా ఆడపడుచు కనిపించింది. బకెట్లో సబ్బునీళ్ళు కలిపి మొగుడి బట్టలు నానబెడుతోంది. తెచ్చుకున్న చొక్కాలూ, ప్యాంట్లూ, స్కూటర్ మీద తడిసినవీ, తడవనివీ, సంచీలో ఉన్నవన్నీ. ఒక్కటి కూడా పొడిది మిగల్చలేదు.

నేను ఆకాశం చూశాను. ఎటు చూసినా మబ్బే.

"ఈ ముసురులో ఆరవు కదే," అన్నాను.

"ఆరవు వదినా," అంది, ఇంకో చొక్కా ముంచుతూ.